బాబు బెరుకు పుట్టుకతో వచ్చిందా, నా వల్ల వచ్చిందా?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. సెలవులన్నీ అయిపోవడంతో ఎనిమిదో నెలలో బాబును తెనాలి దగ్గర ఊళ్లో మా అమ్మ వద్ద ఉంచి, హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను. మూడేళ్లు నిండాక తెచ్చుకున్నాం. ఇంట్లో గలగలా మాట్లాడతాడు కానీ ప్లేస్కూల్లో ఎవరితోనూ కలవడు. పెళ్లిళ్లకు తీసుకెళితే నా చున్నీలో ముఖం దాచుకుంటాడు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తాడు. మా అమ్మ వీడియో కాల్ చేస్తే పక్క గదిలోకి పారిపోతాడు. తల్లి దగ్గర లేకపోతే ఇంతేనని అత్తగారు, చిన్నప్పుడు తానూ ఇలాగే ఉండేవాడినని మావారు అంటున్నారు. తప్పు నాదేనా? ఉద్యోగం మానేయాలా?

జవాబు: మీవారి మాట తీసిపారేయదగినది కాదు. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే మానసిక వైద్య దంపతులు 1956లో మొదలుపెట్టి, పసితనం నుంచి పిల్లలను ఏళ్ల తరబడి గమనించినప్పుడు, దాదాపు 15 శాతం మంది కొత్త మనుషులకూ కొత్త చోట్లకూ నిదానంగా అలవాటుపడే స్వభావం కలవారని తేలింది. ఆ తర్వాత అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త జెరోమ్ కేగన్ నాలుగు నెలల శిశువులకు కొత్త బొమ్మలు చూపి, కొత్త గొంతులు వినిపిస్తే, ఐదుగురిలో ఒకరు కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ ఏడ్చారు. ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే మెదడు భాగం ఇటువంటి పిల్లల్లో తొందరగా స్పందిస్తుందని ఆయన భావించారు. అయితే ఆ పిల్లలందరూ పెద్దయ్యాక బెరుకుగా మిగిలిపోలేదు. స్వభావం పుట్టుకతో వచ్చినా, దాన్ని చుట్టూ ఉన్నవారు ఎలా అందుకుంటారన్న దాన్ని బట్టి దాని తీరు మారుతుంది.

ఇక మీ అత్తగారి మాట. ఆలనాపాలనా చూసే తన మనిషంటూ ఒక్కరూ లేకుండా పెరిగితే పిల్లలకు నిజంగానే హాని జరుగుతుంది. రుమేనియాలోని బుకారెస్ట్ అనాథ శరణాలయాల నుంచి 136 మంది చిన్నారులతో చేసిన అధ్యయనంలో, రెండేళ్లలోపే పెంపుడు కుటుంబాలకు చేరినవారు ఆ మనుషులతో భద్రమైన అనుబంధాన్ని పెంచుకోగలిగే అవకాశం ఎక్కువగా కనిపించింది. మీ బాబు పరిస్థితి అది కాదు. ఏడిస్తే ఎత్తుకున్న చేతులు, గోరుముద్దలు తినిపించిన చేతులు, నిద్రపుచ్చిన ఒడి అక్కడ ఉన్నాయి. అవి మీ అమ్మగారివి.

మీ ఉత్తరంలో నన్ను నిలిపివేసిన మాట ఆ వీడియో కాల్. ఇంట్లో అందరూ ఎనిమిదో నెలలో మీరు బాబును విడిచి వెళ్లడం గురించే మాట్లాడుతున్నారు కానీ, మూడేళ్లు నిండాక ఆ పిల్లవాడు అమ్మమ్మను విడిచి రావలసి వచ్చిన సంగతి ఎవరూ తలచుకుంటున్నట్టు లేదు. బాబు మనసుకు తల్లి స్థానంలో ఉన్న మనిషి ఒక్క రోజులో ఫోన్ తెరలోకి మారిపోయింది. ముఖం కనిపిస్తుంది, చెయ్యి అందదు. పారిపోవడం అమ్మమ్మ మీద అయిష్టం కాదని, తట్టుకోలేని బెంగ అని నేను అనుకుంటున్నాను. రాత్రి ఉలికిపాటుకు కూడా ఆ బెంగే కారణం కావచ్చు.

కాబట్టి ఉద్యోగం మానవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. వీలైతే మీ అమ్మగారిని రెండు మూడు వారాలు మీ ఇంటికి పిలిపించండి. తిరిగి వెళ్లే రోజు బాబు నిద్రపోతున్నప్పుడు చెప్పకుండా పంపవద్దు; ఏ పండక్కి మళ్లీ కలుస్తారో ఆవిడ చేతే చెప్పించండి, ఏడిస్తే ఏడవనివ్వండి. ఆవిడ కట్టిన పాత నూలు చీర ఒకటి పక్కలో ఉంచుకోనివ్వండి. పెళ్లిళ్లకు జనం నిండకముందే చేరుకోండి. చున్నీ చాటు నుంచి బలవంతంగా లాగి “నమస్తే పెట్టు” అనడం, “వీడికి సిగ్గు” అని బాబు ఎదుటే పదిమందికి చెప్పడం మానేయండి. అలాగని గుంపున్న చోటికి తీసుకెళ్లడమే మానుకుంటే బెరుకు మరింత ముదురుతుంది. ప్లేస్కూల్లో ముందు ఒక్క స్నేహితుడు చాలు. ఆ పిల్లవాణ్ని ఆదివారం మీ ఇంటికి ఆడుకోవడానికి పిలవండి. మీవారు తన చిన్ననాటి బెరుకు ఎలా తగ్గిందో పడుకునేటప్పుడు కథగా చెబితే, మీ సలహాకన్నా, నా సలహాకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

బడిలో నెల దాటినా ఒక్క మాటైనా మాట్లాడకపోయినా, పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యులకు చూపించండి. ప్రభుత్వ జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో కూడా ఇటువంటి పరీక్షలు చేస్తారు.

అమ్మమ్మ వచ్చేలోగా కాల్స్ ఆపవద్దు. బాబు పక్క గదిలోకి వెళ్లినా ఫోన్ పెట్టేయకుండా, ఈ రోజు బాబు ఏం తిన్నాడో, ఏ బొమ్మ వేశాడో బాబుకు వినబడేలా మీ అమ్మగారితో చెబుతూ ఉండండి. తలుపు మాత్రం వేయవద్దు.