ఒకే మేత వేసినా నాటుకోడి బ్రాయిలర్‌లా ఎందుకు పెరగదు?

తేడా మేతలో కన్నా జన్యువుల్లోనే ఎక్కువ. అయితే ‘పెరుగుదల జన్యువు’ అంటూ ఒక్కటే ఉండదు, చిన్న చిన్న ప్రభావం చూపేవి చాలా కలిసి పనిచేస్తాయి. నాకు బాగా నచ్చిన ఉదాహరణ అమెరికాలోని వర్జీనియా ప్రయోగం. 1957లో పాల్ సీగెల్ అనే శాస్త్రవేత్త వైట్ ప్లిమత్ రాక్ జాతి కోళ్లను ఎనిమిది వారాల వయసులో తూకం వేసి, బరువైనవాటిని ఒక వంశంగా, తేలికైనవాటిని ఇంకో వంశంగా పెంచడం మొదలుపెట్టారు. 50 తరాలు దాటేసరికి ఆ వయసు బరువులో తేడా ఎనిమిది రెట్లు మించింది! ఆకలి కూడా మారిపోయింది. బరువు వంశం కోళ్లు అతిగా తింటాయి. తేలిక వంశంలో కొన్ని పిల్లలు ఎదురుగా మేత ఉన్నా ముట్టక చనిపోతాయి.

ఒక్క జన్యువే పెద్ద తేడా తెచ్చే సందర్భాలూ ఉన్నాయి. కోళ్లలో లింగాన్ని నిర్ణయించే జెడ్ క్రోమోజోమ్ మీద, పెరుగుదల హార్మోన్ సంకేతాన్ని అందుకునే గ్రోత్ హార్మోన్ రిసెప్టర్ జన్యువు ఉంటుంది. అది దెబ్బతింటే కోడి మరుగుజ్జుగా ఉండిపోతుంది. పెట్టకు జెడ్ ఒక్కటే కాబట్టి ఆ ఒక్క కాపీ దెబ్బతిన్నా చాలు.