జోకర్‌ని చూస్తే మావాడు వణికిపోతున్నాడు.. మందులు వాడాలా?

ప్రశ్న: మాది తిరుపతి. బాబుకి ఆరేళ్లు. రెండు నెలల కిందట సర్కస్‌కి తీసుకెళ్తే జోకర్ ఒకాయన గ్యాలరీలోకి ఎక్కి వచ్చి, వీడి బుగ్గ పట్టుకుని నవ్వించబోయాడు. వీడు ఒకటే ఏడుపు, వాంతి కూడా చేసుకున్నాడు. అప్పట్నుంచి అప్పుడప్పుడూ రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు. షాపుల ముందు బొమ్మ వేషం వేసుకున్న మనిషి కనిపించినా నా కొంగు వదలడు. మా అత్తయ్య దిష్టి తీసి తాయెత్తు కట్టించారు. మావారేమో మగపిల్లాడికి ఈ పిరికితనం ఏంటి, ఇంకోసారి సర్కస్‌కి తీసుకెళ్తే అదే పోతుంది అంటున్నారు. నిజం చెప్పాలంటే చిన్నప్పట్నుంచీ నాకూ జోకర్లంటే పడదు. నా భయమే వాడికి వచ్చిందా? మందులు వాడాలా? వచ్చే నెల మా ఆడపడుచు కూతురి బర్త్‌డేకి జోకర్‌ని మాట్లాడారట, తీసుకెళ్లాలా వద్దా? - ఓ తల్లి

జవాబు: మందులు అక్కర్లేదమ్మా, ముందు ఆ టెన్షన్ తీసేయండి. సర్కస్ టికెట్లు కూడా ఇప్పట్లో కొనొద్దని మీవారికి చెప్పండి.

ఈ వయసు పిల్లలు వేషాలకు, ముసుగులకు బెదరడం ఎంత మామూలంటే, మానసిక వైద్యులు చూసే డీఎస్ఎం-5 పుస్తకంలో పిల్లల భయాలకు ఉదాహరణగా పెద్ద శబ్దాలతో పాటు వేషధారుల్ని కూడా చేర్చారు. ఫోబియా అని పేరు పెట్టాలంటే సాధారణంగా ఆరు నెలలకు పైగా ఉండాలి, దానివల్ల పిల్లాడి రోజువారీ బతుకు దెబ్బతినాలి. మీవాడికి రెండు నెలలే. ఆ వాంతి కూడా భయంతో గుక్కపట్టి ఏడ్చినందుకు వచ్చిందే అయ్యుంటుంది, మళ్లీ మళ్లీ కాకపోతే దాన్ని పట్టించుకోకండి.

పెద్దయ్యాక కూడా జోకర్లంటే పడదని సిగ్గుపడుతున్నట్టున్నారు, మీరేం ఒంటరి కాదు. 2023లో బ్రిటన్ పరిశోధకులు ప్రచురించిన ఆన్‌లైన్ సర్వేలో 64 దేశాలకు చెందిన 987 మందిని అడిగితే 53.5 శాతం మంది ఎంతో కొంత భయమే అన్నారు, విపరీతమైన భయం అన్నవాళ్లు 5 శాతం. (ఇష్టపడి నింపినవాళ్ల సర్వే ఇది, దీన్నిబట్టి ఊళ్లో సగం మందికి ఈ భయం ఉందనుకోకండి.) కారణాల్లో ఎక్కువమంది ఒప్పుకున్నది ఏంటంటే, ఆ రంగు వెనక మనిషి నిజంగా నవ్వుతున్నాడో కోపంగా ఉన్నాడో తెలియకపోవడం. పిల్లలు మాటల కంటే ముందు ముఖాన్నే చూస్తారు కదా, మూతి చుట్టూ గీసిన నవ్వు కదలకుండా అలాగే ఉండి కళ్లు మాత్రం ఇంకేదో చెబుతుంటే ఆరేళ్లవాడికి ఏం అర్థమవుతుంది?

ఇందులో జోకర్ తప్పు కూడా లేదు. ముఖమంతా తెల్లరంగు, బుగ్గల మీద ఎర్రటి ముక్కోణాలు, ఈ తీరుకి పేరు తెచ్చింది 1800ల తొలినాళ్లలో లండన్ రంగస్థలం మీద ఆడిన జోసెఫ్ గ్రిమాల్డి. అంత ముదురు రంగు ఆఖరి వరసలో కూర్చున్నవాడికి కూడా ముఖం కనిపించడానికి బాగా పనికొచ్చేది. రింగులో ఉన్నంతసేపూ అది బాగానే ఉంటుంది. అదే ముఖాన్ని తెచ్చి జానెడు దూరంలో పెడితే చూసేవాడికి గుండె జారుతుంది. మీవాడు రింగులో జోకర్‌ని చూసి ఏడ్చాడని మీరు రాయలేదు, పక్కకొచ్చి ముట్టుకున్నాకే కదా ఏడ్చింది!

మన సర్కసుల్లో జోకర్ అంటే పని రాక ఆ వేషం వేసినవాడు అనుకుంటారు చాలామంది. ట్రపీజ్‌లో, అంటే పైన ఉయ్యాలల మీద ఊగే ఫీట్లలో, ప్యాంటు ఊడిపోయి, చెయ్యి తప్పి వలలో దబ్బున పడేవాడు చాలాసార్లు ఆ జట్టులో బాగా పని తెలిసినవాడే, తప్పును సరిగ్గా లెక్క ప్రకారం చేయాలి మరి. పొట్టిగా ఉన్న జోకర్లను చూసి మనవాళ్లు నవ్వే నవ్వు మాత్రం నాకు నచ్చదు. అలాంటివాళ్ల గురించి బాబు అడిగితే 'ఆయన ఎత్తు అంతే నాన్నా, నీకంటే పెద్దవాడు' అని మామూలుగా చెప్పండి.

ఇక భయం పోగొట్టే సంగతి. మన తిరుపతి గంగమ్మ జాతరలో భక్తులు వేసే వేషాలనే తీసుకోండి. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లటి నామంసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, కొత్తవాళ్లు చూస్తే జోకర్ కంటే నాలుగింతలు బెదరాల్సిన ముఖాలు. అయినా వీధిలో పిల్లలు చాలామంది పక్కనే నిలబడి చూస్తారు, ఎందుకంటే ఆ సుద్ద పూసుకున్నది పక్కింటి అన్న అని వాళ్లకు తెలుసు, పూసుకోవడం కళ్లారా చూశారు. మీ ఇంట్లో చేయాల్సింది కూడా అదే. మీవారిని అద్దం ముందు కూర్చోబెట్టి బాబు చేతికి లిప్‌స్టిక్ ఇవ్వండి. మొదటిరోజు ముక్కు మీద చుక్క, అంతే. తుడిచేది కూడా వాడే, అసలు ముఖం మళ్లీ కనిపించడం వాడి చేతిలోనే ఉండాలి. రెండు మూడు రోజులకు బుగ్గలు, ఆ తర్వాత వాడు ఒప్పుకుంటే తెల్లరంగు. మధ్యలో ఫోన్‌లో జోకర్ వీడియో సౌండ్ లేకుండా, చాలు అన్నప్పుడు ఆపేస్తూ చూపించండి. భయపెట్టే ప్రాంక్ రీల్స్ మాత్రం ఇంట్లో ఎవరి ఫోన్‌లోనూ వాడి కంటపడకూడదు, 2016లో అమెరికాలో ఊరూరా జోకర్ ముసుగులతో జనాన్ని హడలెత్తించిన గొడవ తాలూకు వీడియోలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. అన్నం తినకపోతే జోకర్‌కి ఇచ్చేస్తా అనే బెదిరింపు కూడా బంద్.

తాయెత్తు మీద నాకేం గొడవ లేదు, అత్తయ్యగారి మనసు కష్టపెట్టకండి. అది తీస్తే జోకర్ వస్తాడు అని మాత్రం ఎవరూ అనకూడదు, అలా అంటే కొత్త భయం ఇంకోటి తగిలించినట్టే. మీ భయం వాడికి రక్తంలో వచ్చిందా అంటే, అలా చెప్పలేం. కానీ వేషగాణ్ని చూడగానే మీ చెయ్యి వాడి చేతిని గట్టిగా నొక్కుతుంది చూశారా, వాడికి అది తెలిసిపోతుంది. దాచకుండా 'నాక్కూడా కొంచెం ఇబ్బందిగా ఉంటుంది రా, మనం ఇక్కడ్నుంచే చూద్దాం' అనేయండి.

ఇవన్నీ చేసినా ఆరు నెలలు దాటితే, లేదా ఈలోపే బడికి వెళ్లనని మొండికేస్తున్నా, నిద్ర బాగా చెడినా, పక్క తడపడం మళ్లీ మొదలైనా మీ ఊళ్లోని రుయా ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగం ఓపీలో చూపించండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులేం పడవు. అక్కడ కూడా ముందుగా చేసేది ఇలా మెల్లమెల్లగా అలవాటు చేయడమే.

బర్త్‌డేకి తీసుకెళ్లొచ్చు, వాడు వస్తానంటేనే. ఆ జోకర్ కుర్రాడు రంగు వేసుకోకముందే వెళ్లి పరిచయం చేయండి, వేసుకునేటప్పుడు దూరం నుంచి చూడనివ్వండి, పిల్లాడు పిలిస్తే తప్ప దగ్గరికి రావద్దని అతనికి ముందే చెప్పండి. విదేశాల ఆస్పత్రుల్లో పిల్లల వార్డులకు వెళ్లే జోకర్లు కూడా గుమ్మం దగ్గరే ఆగి, లోపలికి రావచ్చా అని అడుగుతారు. వాడు రానంటే ఆరోజు నానమ్మ దగ్గర ఉంచేయండి, కేక్ ముక్క తెచ్చిపెడితే సరిపోతుంది.