మంచు మేఘాల మీద రాస్తున్న తమ్ముడికి

అనంతపురం

నాయనా,

నీ వ్యాసం చదివాను. కడప ఎండల మీద రాసిన మొదటి రెండు పేరాలూ కొట్టేసెయ్. ఎండ సంగతి మనవాళ్లకు ఒకరు చెప్పాలా? అసలు విషయాన్ని మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశావు: "పైన చలి ఎక్కువ కాబట్టి నీటి ఆవిరి గడ్డకట్టి మంచు మేఘాలవుతాయి." ఆ 'కాబట్టి' దగ్గరే నాకు పేచీ. వ్యాసమంతా జరగాల్సింది అక్కడే.

చలి ఒక్కటే చాలదు. సన్నటి స్వచ్ఛమైన నీటి బిందువుకు ఏ ధూళీ ఆసరాగా దొరక్కపోతే, సుమారు మైనస్ 38 డిగ్రీల దాకా నీరుగానే ఉండిపోతుంది. ఇక 16 కిలోమీటర్ల ఎత్తున, మైనస్ 80 దగ్గర, ఇంకా విచిత్రం. అక్కడ తేలే అతి సూక్ష్మ బిందువుల్లో నీటితో పాటు సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది. అది ఓ పట్టాన గడ్డకట్టనివ్వదు. మంచుతో పోల్చి కొలిచే తేమ 160 శాతం దాటేదాకా మొండికేస్తుంది.

"తేమ నూరు దాటడమేంటి సార్?" అని చదివేవాళ్లు అడుగుతారు. అడగాలనే మన కోరిక. నూరు అంటే, అప్పటికే ఒక మంచు పలుకు ఉంటే అది పెరగదు, తరగదు అని. పలుకే లేనప్పుడు ఆవిరి ఎక్కడ పేరుకుంటుంది? అందుకని గాల్లోనే ఉండిపోతుంది. తగిన ధూళి రేణువు ఉంటే అంతదాకా ఆగక్కర్లేదు, పాలకు తోడు వేసినట్టే. ఈ పోలిక ఒక్కసారి వాడి వదిలెయ్. ఇక్కడ తోడు లేకున్నా, తేమ బాగా పెరిగితే చివరికి గడ్డకట్టేస్తుంది మరి.

తర్వాత, ఆ చల్లదనం ఎలా వస్తుందో చెప్పు. గాలి పైకి లేస్తూ వ్యాకోచించి చల్లబడుతుంది. వాతావరణంలో సాగే అలలు దాన్ని ఎత్తుతూ దించుతూ ఉంటాయి. గబుక్కున చల్లబడితే బోలెడన్ని చిన్న పలుకులు, మెల్లగా చల్లబడితే కొన్నే, కానీ పెద్దవి. బరువెక్కినవి తేమను పట్టుకుని కిందికి జారతాయి. ఆ పైనుండే గాలి పొర, స్ట్రాటోస్ఫియర్, అంత పొడిగా ఉండటానికి ఇదే కారణం. అక్కడికి గాలి ఉష్ణమండలపు చలి గుండానే చేరుతుందని 1949లో వాతావరణ శాస్త్రవేత్త బ్రూవర్ ఊహించింది ఆ పొడితనం చూసే. ఇన్నాళ్లూ మనం ధ్రువాల మీదే చలి అనుకుంటాం గానీ, ఆ 16 కిలోమీటర్ల ఎత్తులో సాధారణంగా మన నెత్తిమీదే చలి ఎక్కువ. వ్యాసం దీంతో మొదలుపెట్టొచ్చు కదా?

ఉరుముల మేఘాల తలల నుంచి పరుచుకునే మంచు తెరలు వేరే దారిన పుడతాయి. వాటికి రెండు వాక్యాలు చాలు.

మన ఊరి సంగతి కావాలంటే జులైలో మిద్దె ఎక్కు. కింది మోడాలు పడమటి నుంచి తూర్పుకు పోతుంటే, పైన సన్నటి తెరలు తూర్పు నుంచి పడమటికి సాగుతాయి. ఆ పైగాలి ప్రవాహాన్ని 1958లో ప్రపంచానికి వివరించింది మన తెలుగువాడే, వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. ఆ పేరు లేకుండా రాశావేంది? కంటికి కనబడనంత పలచటి తెరలూ ఉంటాయి, తిరుపతి దగ్గర గాదంకిలో లేజర్ కాంతిని పైకి పంపి వాటిని పట్టుకుంటారు. అవి ఎండను దాదాపు ఆపవు, భూమి నుంచి పోయే వేడిలో కొంత మాత్రం పట్టి ఉంచుతాయి. వాతావరణ మార్పు మీద నువ్వు రాసిన పేరా దీనికి అతికించు, లేకపోతే అది గాల్లో వేలాడుతోంది.

అంకెలు తగ్గించు. 38, 80, 160 ఉంటే చాలు, ఎత్తు ఒక్కసారి చెప్పు. సంపాదకుడు 'సరళంగా' రాయమన్నాడని టెన్షన్ పడి ఆ 160ని మాత్రం తీసేయొద్దు. మార్చాక పంపు, ఈసారి చేత్తో గీసిన బొమ్మ ఒకటి జతచెయ్యి, ఎత్తులు పక్కన రాసి.

మీ అన్న