తమ్ముడి ట్రైనింగ్‌కి 8 వేలు అడుగుతున్నారా? ఆగండి

అన్నా, ఆ 8 వేలు మాత్రం కట్టకండి. ఇంటర్‌తో ఆపేసిన తమ్ముడికి డీడీయూ-జీకేవై (పల్లెల్లోని పేద యువతకి పని నేర్పి ఉద్యోగం చూపించే ప్రభుత్వ స్కీము) ట్రైనింగ్ ఇప్పిస్తాం, డిపాజిట్ కట్టమన్నారని రాశారు కదా, ఆ స్కీములో అభ్యర్థి దగ్గర పైసా తీసుకోకూడదు. ఖర్చు 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం పెట్టుకుంటాయి, హాస్టల్లో ఉంటే భోజనంతో సహా. ట్రైనింగ్ సెంటర్‌కి ప్రభుత్వం డబ్బు విడతలుగా వస్తుంది, చివరి విడతలు పిల్లలకు ఉద్యోగాలు చూపిస్తేనే, అందుకే ఎలాగోలా సీట్లు నింపాలని తిరుగుతుంటారు.

వయసు 15 నుంచి 35, ఆడపిల్లలకైతే 45 దాకా. మీ అమ్మగారు డ్వాక్రా సంఘంలో ఉన్నారన్నారు, అర్హతకి అదే చాలు. ఆమె సంఘం పుస్తకం, తమ్ముడి ఆధార్ పట్టుకుని మండలంలో డ్వాక్రా సంఘాల పని చూసే వెలుగు ఆఫీసుకి వెళ్లి, ఆ సెంటర్ సీడాప్ (ఆంధ్రాలో ఈ స్కీము నడిపే ప్రభుత్వ సంస్థ) లిస్టులో ఉందో లేదో ముందు అడగండి (తెలంగాణలో అయితే ఆ సంస్థ పేరు ఈజీఎంఎం). మా కజిన్ ఇలా అడక్కుండానే 5 వేలు కట్టేశాడు, రసీదు కూడా లేదు, తర్వాత ఫోన్ ఎత్తితే ఒట్టు.

ఇంకోటి, హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక మొదటి జీతం దాకా ఎలా అన్నారు కదా. ఉద్యోగంలో చేరాక ఈ స్కీము కిందే నెలకి వెయ్యి చొప్పున ఇస్తారు, సొంత జిల్లాలో 2 నెలలు, రాష్ట్రంలోనే వేరే జిల్లాకి 3, మీవాడిలా రాష్ట్రం దాటితే 6 నెలలు. పెద్ద మొత్తమేం కాదు, రూమ్ అద్దెలో వాటాకి సరిపోతే గొప్ప. అయినా చేరే రోజే గుర్తుచేసి అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.