ఫైటర్ చేప పిల్లలు పది రోజులు దాటట్లేదంటే ముందు తిండి సంగతి చూడండి

మీరు అడిగింది ఇది: ఫైటర్ జోడీ మూడుసార్లు గుడ్లు పెట్టింది, ప్రతిసారీ రెండు మూడొందల పిల్లలు కనిపించాయి, ఉడికించిన గుడ్డు పచ్చసొన వేస్తున్నారు, పదో రోజుకి పాతిక కూడా మిగలట్లేదు, మెథిలిన్ బ్లూ లాంటి మందేమైనా వేయాలా అని.

మందు వద్దండి. మీరు రాసినదాంట్లో జబ్బు లక్షణం ఒక్కటీ కనబడలేదు. కొన్ని ఆకలికి పోతున్నాయి, మిగతావి ఆ పచ్చసొన కుళ్లిన నీళ్లకి పోతున్నాయి. ఫైటర్ పిల్ల కదిలేదాన్ని చూసే నోరు తెరుస్తుంది. పచ్చసొన పొడి కదలదు, కాసేపు తెల్లగా మబ్బులా తేలి అడుక్కి చేరుతుంది. పిల్లలేమో పైన, గూడు చుట్టూ తిరుగుతుంటాయి. తిండి మధ్యలోనే ఉండి పస్తులున్నట్టు. పైగా ఆ సొన మీద బ్యాక్టీరియా పెరిగి నీళ్లలో ఆక్సిజన్ తినేస్తుంది, అమ్మోనియా పెంచుతుంది. పెద్ద ఫైటర్ అయితే పైకొచ్చి గాలి గుటక వేసి బతికేస్తుంది. పిల్లకి ఆ గాలి పీల్చే లాబిరింత్ అవయవం తయారవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా నీళ్లలో కరిగిన ఆక్సిజనే గతి. "ఫైటర్ ఎలాంటి నీళ్లలోనైనా బతుకుతుంది" అన్న మాట పిల్లల విషయంలో పూర్తిగా తప్పు. మెథిలిన్ బ్లూ వేస్తే, పిల్లలు తినాల్సిన సూక్ష్మజీవులూ, ఫిల్టర్లో మనకి పనికొచ్చే బ్యాక్టీరియా కూడా దెబ్బతింటాయి.

కాబట్టి ఈసారి జోడీని పక్కన పెట్టి, తిండి పెంచడంతో మొదలుపెట్టండి. తిండి చేతిలో లేనప్పుడు చేపల్ని కలపకూడదు.

వినిగర్ ఈల్స్‌కి, అంటే వినిగర్లో బతికే సన్నటి పురుగులకి, అన్నిటికంటే ముందు, కనీసం నెల ముందు, కల్చర్ (వాటిని పెంచే సీసా) పెట్టాలి. సగం యాపిల్ సైడర్ వినిగర్, సగం నీళ్లు, రెండు యాపిల్ ముక్కలు, కొంచెం స్టార్టర్ (ఇప్పటికే పురుగులున్న పాత కల్చర్). మూత గట్టిగా బిగించకుండా గుడ్డ కట్టి చీకట్లో పెట్టేస్తే చాలు, నెలలపాటు దాని మానాన అది ఉంటుంది. తీసేటప్పుడు ఆ వినిగర్ నేరుగా ట్యాంకులో పోయకండి. సన్నటి మెడ ఉన్న సీసాలో మెడ మొదలుదాకా కల్చర్ పోసి, మెడలో ఫిల్టర్ దూది ముక్క దోపి, దాని పైన మంచినీళ్లు పోయండి. ఆక్సిజన్ కోసం పురుగులు రాత్రికి రాత్రే దూదిలోంచి పైకి పాకుతాయి. పొద్దున వెలుగుకి ఎత్తి చూస్తే పైనున్న నీళ్లు సన్నటి వెండి దారాల్లా మెలికలు తిరుగుతుంటాయి. డ్రాపర్‌తో లాగి వేయడమే. నీళ్లలో రోజుల తరబడి బతికి, మధ్యలోనూ పైనా ఈదుతుంటాయి కాబట్టి మొదటి వారానికి నా ఓటు వీటికే.

మైక్రోవర్మ్స్ (ఇవీ సన్నటి పురుగులే) పెంచడం తేలిక. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉడికించిన ఓట్స్ ముద్ద ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన పరిచి, చల్లారాక చిటికెడు ఈస్ట్ చల్లి, చెంచాడు స్టార్టర్ వేయండి. మూతకి రెండు మూడు సూది బెజ్జాలు. నాలుగైదు రోజుల్లో గోడల మీదికి పాకుతాయి, వేలితో తుడిచి నీళ్లలో కడిగి వేయాలి. ముద్ద పలచబడి కంపు కొడితే పని అయిపోయినట్టే, అందుకే రెండు డబ్బాలు వారం తేడాతో నడపండి. వీటి లోపం ఒకటే, అడుక్కి పోతాయి. ఒక్కసారే ఎక్కువ వేస్తే అక్కడే చచ్చి కుళ్లుతాయి.

ఇన్ఫ్యూజోరియా (నీళ్లలో పెరిగే సూక్ష్మజీవులు) అయితే జోడీని ఎదురెదురుగా పెట్టిన రోజే మొదలుపెట్టొచ్చు. నడుస్తున్న ట్యాంకు నీళ్లు లీటరు, పాత స్పాంజ్ పిండిన మడ్డి కొంచెం, వేడినీళ్లలో ముంచి తీసిన ఆకుకూర ఒకటి రెండు ఆకులు. మొదటి రెండు రోజులు పాలలా తెల్లబడి వాసన వస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడి ఆ నీళ్లే పోసేస్తారు. అవి బ్యాక్టీరియా నీళ్లు. ఇంకో రెండు మూడు రోజులకి తెలుపు విరిగి నీళ్లు తేటపడతాయి, వాసన తగ్గుతుంది. అంటే బ్యాక్టీరియాని తినే సూక్ష్మజీవులు పెరిగాయన్నమాట. గ్లాసులో పోసి పక్కనుంచి టార్చి వేస్తే ధూళి లాంటి చుక్కలు తమంతట తాము కదులుతూ కనిపించాలి. అప్పుడే వాడాలి. జావా మాస్ అనే నీటి నాచు గుబురు ఒకటి ట్యాంకులో ముందే ఉంటే దాని మీద కూడా ఇవి ఉంటాయి, అది మీకు అదనపు భరోసా.

ఇక ట్యాంకు. 30–40 లీటర్లది చాలు, నీళ్లు మాత్రం 12–15 సెంటీమీటర్ల ఎత్తే. రాలిన గుడ్డుని మగది తేలిగ్గా నోటితో అందుకుని గూట్లోకి చేర్చడానికి ఈ ఎత్తు. అడుగున ఇసుక, రాళ్లు వద్దు. గుడ్లు వాటి సందుల్లో పడితే అంతే. హీటర్ అడ్డంగా పడుకోబెట్టి పూర్తిగా మునిగేలా చూసి 28 డిగ్రీలకి పెట్టండి. స్పాంజ్ ఫిల్టర్ కొత్తది పెడితే ప్రయోజనం లేదు, ఇంకో ట్యాంకులో నెలరోజులైనా నడిచిన స్పాంజ్ తెచ్చి, గాలి సెకనుకి ఒకట్రెండు బుడగలకి తగ్గించండి. ఎండిన బాదం ఆకు ఒకటి, సగానికి కోసిన థర్మోకోల్ కప్పు ఒకటి పైన తేలనివ్వండి, మగది దాని కింద నురగ గూడు కడుతుంది. నీళ్లలో క్లోరిన్ ఉంటే ఒక రోజు నిలవ ఉంచితే పోతుంది. క్లోరమిన్ అలా పోదు, దానికి అక్వేరియం నీళ్ల కండిషనర్ వాడాల్సిందే.

జోడీకి పది రోజులు విడివిడిగా దోమ లార్వాలు, డాఫ్నియా లాంటివి బాగా పెట్టండి. తర్వాత మగది తిరిగే ట్యాంకులోనే, అడుగు లేని గాజు గొట్టంలోనో పారదర్శకమైన సీసాలోనో ఆడదాన్ని ఒక రోజు ఉంచండి. సిద్ధమైన ఆడదాని ఒంటి మీద నిలువు చారలు పడతాయి, పొట్ట కింద తెల్లటి బొడిపె కనిపిస్తుంది. అడ్డచారలు పడి మూలకి నక్కితే అది భయం, ఇంకో వారం మేపాలి. వదిలాక తరుముకోవడం, రెక్కలు కొంచెం చినగడం మామూలే. రెండు రోజులైనా గుడ్లు పెట్టకపోతే విడదీసేయండి. గుడ్లు పెట్టడం అయిపోగానే మగది ఆడదాన్ని గూటి దగ్గరికి రానివ్వదు, ఆడది అప్పుడే బయటికి వచ్చేయాలి. మగదానికి ఆ నాలుగు రోజులు తిండి వేయకండి, అది ఆగగలదు. రాత్రి మసక వెలుతురు ఒకటి వదిలిపెట్టండి, లేకపోతే రాలిన గుడ్లు దానికి కనబడవు. మొదటిసారి గూడు కట్టిన మగది గుడ్లు తినేయడం కూడా చూస్తుంటాం. మాటిమాటికీ మూత తీసి తొంగిచూస్తే ఇంకా ఎక్కువ తింటుంది.

28 డిగ్రీల్లో గుడ్లు ఒకటిన్నర రోజుకి అటూఇటుగా పొదుగుతాయి. అప్పుడు పిల్ల ఎలా ఉంటుందంటే, నల్లటి చుక్కకి సన్నటి వెంట్రుక ముక్క తగిలించి గూటి కింద వేలాడదీసినట్టు, తోక కిందికి. మధ్యమధ్య జారి గిరగిరా తిరుగుతూ కిందికి పోతుంటే మగది పట్టుకుని మళ్లీ గూట్లోకి ఉమ్ముతుంటుంది. ఈ దశలో పొట్టకింది సొనసంచే వాటి తిండి. ఇప్పుడు మనం ఏం వేసినా నీళ్లు పాడుచేయడమే. పొదిగిన రెండు మూడు రోజులకి పిల్లలు అడ్డంగా, పెద్ద చేపల్లా ఈదడం మొదలుపెడతాయి. ఆ రోజే మగది బయటికి, మొదటి తిండి లోపలికి. ఈ రోజు తప్పితే లెక్కంతా తప్పుతుంది. ఆకలితో ఒక హద్దు దాటిన పిల్లకి తర్వాత కళ్లముందు ఎంత తిండి పోసినా వేటాడే ఓపిక ఉండదు. ఇంకా ఈదుతూనే ఉంటుంది కాబట్టి మనకి తెలియదు. మీవి ఏడో ఎనిమిదో రోజున ఒకేసారి పోతున్నాయంటే అసలు నష్టం అంతకు ముందే జరిగిపోయింది.

మొదటి మూడు రోజులు వినిగర్ ఈల్స్, ఇన్ఫ్యూజోరియా రోజుకి నాలుగుసార్లు, కొంచెం కొంచెం. ట్యాంకులో ఎక్కడ చూసినా ఏదో ఒకటి కదులుతుండాలి, నీళ్లు మాత్రం మసకబారకూడదు. మూడో రోజు నుంచి ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యల్లాంటి జీవుల పిల్లలు) కలపండి. అరలీటరు నీళ్లకి అయోడిన్ లేని ఉప్పు 12 గ్రాములు, అంటే సుమారు రెండు టీస్పూన్లు, చిటికెడు వంటసోడా, పావు టీస్పూను ఆర్టీమియా గుడ్లు. 28 డిగ్రీలు, పైనుంచి లైటు, గుడ్లు అడుగున కూర్చోకుండా గట్టిగా గాలి. 24 గంటల్లో నీళ్లు నారింజ రంగుకి తిరుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలు అడుగు పక్కన లైటు పెడితే ఆర్టీమియా పిల్లలు అక్కడికి చేరతాయి, ఖాళీ పెంకులు పైకి తేలతాయి. ఆ లైటు దగ్గరినుంచే ఎయిర్ ట్యూబుతో లాగి, సన్నటి గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వేయండి. పెంకులు వెళ్లకూడదు, చేప పిల్లల పేగులో అడ్డం పడతాయి. పొదిగిన కొన్ని గంటల్లోనే వేసేయాలి, ఆలస్యమైన కొద్దీ వాటి సొంత సొన ఖర్చయి బలం తగ్గుతుంది. మంచినీళ్లలో కొద్ది గంటలే బతుకుతాయి, అందుకే పిల్లలు గంటలో తినేసేంతే వేయాలి.

తిన్నాయో లేదో తెలుసుకోవడం చాలా సులువు. వేసిన పావుగంటకి భూతద్దం పట్టి చూడండి. తిన్న పిల్ల పొట్ట నారింజ రంగు గింజలా మెరుస్తుంది. తినని పిల్లకి తల పెద్దదిగా, పొట్ట లోపలికి పోయి గుండుసూదిలా ఉంటుంది. పదిలో తొమ్మిదింటికి నారింజ పొట్ట ఉంటే మీరు గెలిచినట్టే.

నీళ్ల సంగతి. మొదటి వారం కదిలించకపోవడమే మంచిది. రెండో వారం నుంచి రోజూ పది శాతం. ఎయిర్ ట్యూబుతోనే అడుగు మడ్డి తెల్ల బకెట్లోకి సైఫన్ చేయండి. తెల్లటి బకెట్ ఎందుకంటే, పొరపాటున వచ్చిన పిల్లలు అందులో కనబడతాయి, డ్రాపర్‌తో వెనక్కి వేసేయొచ్చు. కొత్త నీళ్లు అదే వేడిలో ఉండాలి, ట్యూబుకి ముడి వేసి చుక్కలుగా దిగనివ్వాలి. వారానికి కొంచెం చొప్పున నీటి ఎత్తు కూడా పెంచుకుంటూ పోండి. ట్యాంకు మీద మూత ఎప్పుడూ ఉండాలి. లాబిరింత్ తయారయ్యే రోజుల్లో పైన చల్లటి పొడిగాలి తగిలితే నిన్నటిదాకా బాగున్న పిల్లలు వరసగా పోతాయి. నీటి పైన నూనెపొర లాంటిది కట్టినా ప్రమాదమే. పిల్ల పైకొచ్చి గాలి అందుకోలేకపోతే ఈత తిత్తి నిండదు, అడుగున పొట్టతో పాకుతూ ఉండిపోతుంది. అలా పాకే పిల్ల మళ్లీ కోలుకోవడం అరుదు. పేపర్ టవల్ ఒకటి పైన పరిచి ఎత్తేస్తే పొర దాంతో వచ్చేస్తుంది, పిల్లలు అతుక్కోకుండా చూసుకోండి.

ఇంకా తేడాగా ఉంటే చావు ఎలా వస్తుందో గమనించండి. రాత్రికి రాత్రి అన్నీ పోతే అమ్మోనియా, వేడి, క్లోరిన్ ఈ మూడింట్లో ఒకటి. శవాలు కనబడకుండా రోజురోజుకీ తగ్గుతుంటే అద్దం మీద హైడ్రా (పిల్లల్ని పట్టి తినే సన్నటి నీటిజీవి) కోసం వెతకండి, మొక్కలతో వచ్చి ఆర్టీమియా తిని తెగ పెరుగుతుంది. టార్చి వెలుగులో ఒంటి మీద బంగారు పొడి చల్లినట్టుంటే అది వెల్వెట్ అనే జబ్బు. పెద్ద చేపలకి వేసే రాగి మందు మోతాదు పిల్లలు తట్టుకోలేవు, కాబట్టి వల, ట్యూబు ఏ ట్యాంకువి ఆ ట్యాంకుకే వాడి దాన్ని రానివ్వకపోవడమే మేలు.

నెల దాటాక చకచకా పెరుగుతాయి, అప్పుడు తేడాలు బయటపడతాయి. పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి, పరిమాణం బట్టి రెండు ట్యాంకులు చేయండి. నీళ్లు మార్చడం ఈ దశలోనే పెంచాలి. ఎనిమిది పది వారాలకి మగవి కొట్టుకోవడం మొదలవుతుంది, ఒక్కోదాన్నీ ఒక్కో జాడీలోకి మార్చాలి. వంద మగవంటే వంద జాడీలు, ప్రతిదానికీ నీళ్లు మార్చే పని. ఆ లెక్క జోడీ కలపక ముందే వేసుకోండి. జాడీలు సరిపోక కొన్నిటిని కలిసే ఉంచాల్సివస్తే, వాటిలోంచి ఏదీ తీయకండి. కలిసి పెరిగిన మగవి కొంతకాలం ఓర్చుకుంటాయి గానీ, ఒకదాన్ని రెండు రోజులు బయట పెట్టి మళ్లీ వదిలితే ఆ రాత్రే రెక్కలు చీలికలైపోతాయి.