దవడ కింద నీటి సంచి

ప్రశ్న: డాక్టర్ గారూ, శామీర్‌పేట దగ్గర 12 మేకలు సాకుతున్నాం. వానలు పడ్డాక రెండింటికి దవడ కింద సంచిలా వాపు వచ్చింది. పారుడు లేదు. నట్టల మందు తాగించినా తగ్గలేదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: పారుడు లేదని నట్టలు లేవనుకోకమ్మా. కింది కనురెప్ప లాగి చూడు. లోపల ఎర్రగా కాక తెల్లగా పాలిపోయి ఉంటే, నాలుగో కడుపులో రక్తం పీల్చే హీమాంకస్ అనే నట్ట మీదే నా మొదటి అనుమానం. రక్తంలో ప్రోటీన్ తగ్గి అలా నీరు దిగుతుంది. కాలేయపు జలగ కూడా ఇదే పని చేస్తుంది, అందుకే పెంటికల పరీక్ష కావాలి. నేల మీదివి ఏరకుండా, గ్లౌజు వేసుకుని మలద్వారం నుంచే తీసి, చల్లగా ఉంచి అదే రోజు రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లు. హీమాంకస్ గుడ్లు ఉప్పునీళ్లలో తేలతాయి, జలగ గుడ్లు తేలవు. అందుకే రెండు రకాల గుడ్ల కోసమూ చూడమని అడుగు. బాగా పాలిపోయినవాటికి మాత్రం రిపోర్టు కోసం ఆగకుండా దగ్గరి డాక్టరుతో వైద్యం మొదలుపెట్టించు.

మందు ఏ బరువుకు పోశారు? జియాగూడ మార్కెట్లో మేకను చేత్తో ఎత్తి బరువు చెప్పేవాళ్లుంటారు. మందుకు కాంటానే నమ్ము. పోసిన 14 రోజులకు మళ్లీ గుడ్లు లెక్కించాలి. పెద్దగా తగ్గకపోతే ఆ మందుకు నట్టలు లొంగడం లేదన్నమాట.