అన్నానికి టికెట్ పెట్టకు బిడ్డా

హన్మకొండ

చిరంజీవికి ఆశీస్సులు.

నిన్న నీ ఫోన్ వచ్చాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషంతోనే లే. మట్టి గ్రౌండులో నా దగ్గర కర్ర పట్టడం నేర్చుకున్న పిల్లవు, ఇప్పుడు నువ్వే పీఈటీవై, నీ బడి ఆడపిల్లల జట్టు కోసం రిటైరైన హాకీ ఆటగాళ్లను పిలిచి డిన్నర్ పెడతానంటున్నావు. ఫోన్‌లో నేను సగమే చెప్పగలిగాను. మీ మేడం పక్కన కూర్చుని టీవీ పెద్దగా పెట్టింది. మిగతా సగం రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

టికెట్ 500, మూడొందల మంది, లక్షన్నర అన్నావు. నేనూ ఒకప్పుడు ఇదే లెక్క వేశాను. పదిహేనేళ్ల కింద మాట. సికింద్రాబాద్ నుంచి ముగ్గురు పాత ఆటగాళ్లను పిలిచి, టికెట్ 200 పెట్టి, 250 టికెట్లు అమ్మాం. ఆ రోజు హాలుకు వచ్చింది నాలుగు వందల పైచిలుకు. ఒక్క టికెట్ మీద భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఊరి నుంచి వచ్చిన బామ్మర్ది. గేటు దగ్గర మా కుర్రాడు ఒక పెద్దాయనను ఆపితే, "అన్నం కాడ లెక్కలేందిరా" అన్నాడట. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మన దగ్గర గడపలోకి వచ్చినవాణ్ణి తిన్నావా అని అడుగుతాం గాని టికెట్ ఉందా అని అడుగుతామా? భోజనాల బంతిలో కూర్చున్నవాణ్ణి లేపుతామా? ఎనిమిదిన్నరకే మటన్ అయిపోయింది. హాలు, వంట, మైకు, శాలువాలు అన్నీ పోను చివరికి తేలింది 11,000 అప్పు. దాన్ని నా జీతంలోంచి కట్టాను. గోల్‌కీపర్ ప్యాడ్లు కొందామని మొదలుపెట్టిన పని అది.

పైసలు పోతే పోయాయి. ఇంకోటి ఉంది, అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ముఖ్య అతిథి తొమ్మిదిన్నరకు వచ్చాడు. అప్పటిదాకా ఆ ముగ్గురూ స్టేజీ మీద పూలకుండీల వెనక బొమ్మల్లా కూర్చున్నారు. ఒకాయనకు షుగర్. రెండుసార్లు మంచినీళ్లు అడిగాడు, నేనేమో మైకు వెంట తిరుగుతున్నాను. కడకు రైలు టైమైందని తినకుండానే కాజీపేట స్టేషన్‌కు వెళ్లిపోయాడు. శాలువా కుర్చీ మీదే వదిలేశాడు. అది మా బీరువాలోనే ఉంది. పంపించే ముఖం లేక అట్లాగే ఉంచాను.

కాబట్టి ముందుగా ఈ ఒక్కటి పట్టుకో. పైసలను పళ్లెం నుంచి వేరు చెయ్యి. వచ్చినవాళ్లు దావత్‌కు వచ్చినట్టే రావాలి, తినాలి, పోవాలి. పైసలు దావత్‌కు వారం ముందే బడి ఖాతాలో పడి ఉండాలి.

అదెట్లా అంటావా? ఎనిమిది మంది ఆటగాళ్లు వస్తున్నారన్నావు కదా. ఎనిమిదే టేబుళ్లు వెయ్యి. ఒక్కో టేబుల్‌కు ఒక ఇంటాయననో, ఇంటావిడనో చూడు. ఆ టేబుల్ వాళ్ల ఇల్లు అనుకో. ఇంటికి పిలుచుకున్నట్టు ఎనిమిది మందిని వాళ్లే పిలుచుకుంటారు. ఆ పక్కన ఒక ఆటగాడు, నీ జట్టు పిల్లలు ఇద్దరు. మొత్తం పన్నెండు మంది. టేబుల్‌కు 15,000 అడుగు. ఆయన ఒక్కడే ఇస్తాడా, నలుగురు దోస్తులు కలిసి ఇస్తారా మనకు అనవసరం. ఎనిమిది టేబుళ్లకు 1,20,000. నీ మూడొందల టికెట్ల లెక్క కంటే తక్కువే, కానీ ఇది చేతికొచ్చే లెక్క. ఎనుమాముల మార్కెట్ అడ్తిదారులను అడుగు, రైస్‌మిల్లు వాళ్లను, డాక్టర్లను, ఆర్‌ఈసీలో, అదే ఇప్పటి ఎన్‌ఐటీలో, చదివి ఇక్కడే స్థిరపడ్డవాళ్లను అడుగు. "నా టేబుల్‌కు ఒలింపిక్స్ ఆడినాయన వచ్చాడు" అని చెప్పుకోవడం మన మనుషులకు టికెట్ కొనడం కంటే ఎంతో ఇష్టం.

ఇక తిండి ఖర్చు ఈ 1,20,000లోంచి ఒక్క రూపాయి కూడా తియ్యకు. బియ్యం ఒకరిని, మటన్ ఒకరిని, హాలు ఒకరిని అడుగు. హాకీకి చందా అంటే "చూద్దాం సార్" అనే మనిషే, వంద మందికి బియ్యం కావాలంటే అప్పటికప్పుడు బస్తా పంపిస్తాడు. వినాయకుడి మండపాల దగ్గర చూడట్లేదా. వంద మందికి బగారన్నానికి 15 కిలోల బియ్యం, 20 కిలోల మటన్, ఓ పది కిలోల చికెన్ చాలు. పప్పుచారు, వంకాయ, పచ్చిపులుసు, డబుల్ కా మీఠా. స్టార్టర్లు అవీ పెట్టకు, అవి తిని అసలు అన్నం వదిలేస్తారు.

తేదీ విషయంలో నువ్వు ఆగస్టు 29 అన్నావు. ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం, బాగానే ఉంది. కానీ ఆ రోజులు శ్రావణంలోనో వినాయక చవితి సందడిలోనో పడతాయి. సగం మంది మటన్ ముట్టరు, మిగతా సగం మంది మండపం దగ్గర ఉంటారు. ఆ రోజు పొద్దున బడిలో పిల్లలతో మ్యాచ్ ఆడించు, దావత్ వేరే పెట్టుకో. నన్నడిగితే మూఢం చూసి ఆదివారం పెట్టు. పెళ్లిళ్లుండవు, ఫంక్షన్ హాలు ఖాళీగా ఉంటుంది, వంటాయన బతిమాలకుండానే వస్తాడు. మూఢంలో మంచి పని చేస్తారా అని ఎవరైనా అంటే, దావత్‌కు ముహూర్తమెందుకని నా పేరు చెప్పు. కార్తీకం వద్దు, అయ్యప్ప మాలలు వేసుకునే రోజులూ వద్దు.

ఆటగాళ్లను నువ్వే ఫోన్ చేసి పిలువు, వాట్సాప్ కార్డు పంపి ఊరుకోకు. రానూపోనూ ఛార్జీలు ముందే పంపు. వీళ్లలో చాలామంది రైల్వేలోనో, బ్యాంకులోనో, పోలీసులోనో ఆట మీద ఉద్యోగం వచ్చి, పెన్షన్ మీద బతుకుతున్నవాళ్లు. పైసలు అడగడానికి మొహమాటపడతారు. అడిగేదాకా ఆగకు. షుగర్, బీపీ, తినేవి, తినకూడనివి ఫోన్‌లోనే కనుక్కో. హాకీ అంటే నడుం వంచి ఆడే ఆట. ముప్పై ఏళ్లు అట్లా వంగి పరుగెత్తినవాళ్ల నడుములు, మోకాళ్లు ఎట్లా ఉంటాయో నా మోకాళ్లే చెప్తాయి. పళ్లెం చేత పట్టుకుని నిలబడి తినే బఫే వద్దు. కుర్చీలు వేసి వడ్డించు. ఆ వడ్డన కూడా జట్టు పిల్లలతో చేయించకు. పూలపళ్లేలు పట్టించి గేటు దగ్గర వరసగా నిలబెట్టకు. దావత్ వాళ్ల కోసమే కదా, వాళ్లు కూర్చుని తినాలి.

స్టేజీ అసలే వద్దు. హాకీలో ఇప్పుడు నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి 15 నిమిషాలు. మాటలన్నిటికీ కలిపి ఒక్క క్వార్టర్ ఇవ్వు. ఏడింటికి మొదలుపెట్టి, ఏడుంబావుకు మైకు ఆపి, ఏడున్నరకు వడ్డించు. లీడర్లను పిలవకపోతే బాగుండదంటావు. పిలువు. వచ్చినప్పుడే వస్తారు, ఏదో టేబుల్ దగ్గర కూర్చుంటారు, వాళ్ల కోసం అన్నం ఆగదు. ఈ మాట వాళ్ల పీఏకు ముందే చెప్పు. శాలువాల పైసలతో కొత్తవాడ జంపఖానాలు తీసుకో. ఇంట్లో పరుచుకుంటారు, వరంగల్ గుర్తుంటుంది.

టేబుల్ ఇంటివాళ్లతో ఒక సాయంత్రం ముందే కూర్చో. లేకపోతే హాకీ ఆడినాయనను పక్కన పెట్టుకుని కోహ్లీ గురించి అడుగుతారు. నేను కళ్లారా చూశాను. ఏం అడగాలో నువ్వే చెప్పు. గడ్డి మీద నేర్చుకున్నవాళ్లు టర్ఫ్ మీదికి, అంటే కృత్రిమ గడ్డి మీదికి, వచ్చినప్పుడు చేతులు ఎట్లా మారాయో అడగమను. 1975లో కౌలాలంపూర్‌లో పాకిస్తాన్‌ను 2-1తో గెలిచి ప్రపంచకప్ తెచ్చినవాళ్లం, మరుసటి ఏడాదే మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ టర్ఫ్ వేస్తే ఏడో స్థానంలో పడ్డాం. అదెందుకో ఆడినవాళ్లు చెప్తుంటే వినాలి. 2005లో మొదటి ప్రీమియర్ హాకీ లీగ్‌ను హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచిన సంగతి మనవాళ్లలో ఎంతమందికి గుర్తుంది? హైదరాబాద్ పిల్లవాడు ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 మూడు ఒలింపిక్స్ ఆడిన సంగతి? నీ పిల్లలకైతే ఎతిమరపు రజని గురించి చెప్పు. చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్లి భారత జట్టు గోల్‌పోస్టు ముందు నిలబడింది. మట్టి గ్రౌండు నుంచి వెళ్లినవాళ్లను మట్టి గ్రౌండు పిల్లలు అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయి. పెద్దవాళ్లు ఆ కాసేపు నోరు మూసుకుంటే చాలు.

వేలంపాట ఒక్కటే పెట్టు. ఆటగాళ్లను పాత కర్రలు, మెడల్స్ ఇమ్మని అడగకు, ఆ మాట వాళ్లకు ఎంత కష్టంగా ఉంటుందో తెలియదు నీకు. జలంధర్ నుంచి కొత్త కర్ర తెప్పించి దాని మీద ఎనిమిది మందితో సంతకాలు చేయించు. మనవాళ్లకు పాట నేర్పక్కర్లేదు. 1994లో 450 రూపాయలతో మొదలైన బాలాపూర్ లడ్డూ ఇప్పుడు లక్షలు పలుకుతోంది. కాకపోతే చాలా మండపాల దగ్గర లడ్డూ పాడినవాళ్లు పైసలు వచ్చే ఏడాది కడతారు. నీకా గడువు లేదు. పాట ముగిసిన దగ్గరే ఫోన్ స్కాన్ చేయించి కర్ర చేతిలో పెట్టు.

లెక్కల సంగతి త్వరగా చెప్తాను. ప్రతి రూపాయికి రశీదు. పన్ను మినహాయింపు అడిగేవాళ్లు ఉంటారు. అది ఆదాయపన్ను శాఖ నుంచి విరాళాల గుర్తింపు (80జి అంటుంటారు) ఉన్న సంస్థ ద్వారా అయితేనే వస్తుంది, 2,000 దాటిన నగదుకు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే రాదు. లేనిపోని ఆశ పెట్టకు. వచ్చిన పైసలతో ముందు గోల్‌కీపర్ కిట్ కొను. హెల్మెట్, ప్యాడ్లు, బూట్ల మీద తొడిగే కిక్కర్లు, గ్లవ్స్, ఛాతీ కవచం అన్నీ కలిపితే కళ్లు తిరుగుతాయి, అందుకే అందరూ దాన్ని చివరికి నెట్టి ఆ పిల్లను క్రికెట్ ప్యాడ్లతో నిలబెడతారు. మనం కూడా అట్లాగే నిలబెట్టాం, నీకు గుర్తుండే ఉంటుంది.

ఇంకొకటి. దావత్ అనగానే ఫోన్ చేసి, "మరి మిగతా ఏర్పాటు ఎక్కడ?" అని గొంతు తగ్గించి అడిగేవాళ్లుంటారు. కారు డిక్కీలో కూడా ఉండకూడదని చెప్పు. ఆడపిల్లలున్నారు. అలిగి రానివాడి టేబుల్ ఇంకొకరికి ఇచ్చెయ్.

నేను మధ్యాహ్నమే వస్తాను, వంటాయన దగ్గర కూర్చుంటాను. ఆ షుగర్ ఆయన నంబరు నా పాత డైరీలో దొరికింది. ఫోన్ నువ్వు చెయ్యి, నా పేరు చెప్పకు. వస్తానంటే ఆయన శాలువా తెచ్చి నేనే ఇస్తాను.

మీ సార్